ఐదో పాటలో దగ్గు

ఆరింటికి ఉత్తరం వెళ్ళిపోతుంది, దాని కింద మొదటి పేరు తనదే ఉంటుంది, ఇప్పుడు ఐదూ ఏడు నిమిషాలైంది, ఈలోగా నోరు విప్పాలి, ఆ నోరు విప్పడమనే పని లోకంలో అందరూ అంత తేలిగ్గా ఎలా చేసేస్తారో పదిహేనేళ్ళొచ్చినా ఆ అమ్మాయికి అంతుపట్టలేదు. అట్టల కట్టను మోకాళ్ళ మధ్య బిగించి చెక్కసుత్తితో అంచుల మీద కొడుతోంది. నాన్న మిషన్ ఒక్కో అట్టను నోట్లో పెట్టించుకుని కొరికి వదులుతుంది. పెట్టెగా మడవాల్సిన చోట గీతలు పడతాయి, మూత దూరాల్సిన చోట కంతలు పడతాయి, కానీ ఆ కంతల్లోని ముక్కలు పూర్తిగా ఊడవు, కదిలే పాలపళ్ళలాగా వేలాడుతుంటాయి. వాటిని రాలగొట్టడం ఆమె పని, బడి నుంచి వచ్చి మొహం కడుక్కున్నది మొదలు చీకటి పడేదాకా. ధన్, అని మిషన్ నోరు మూస్తుంది. ఊపిరి తీసినంతసేపు ఆగి మళ్ళీ ధన్. నాలుగు ధన్‌లకొకసారి వెనకనుంచి ఒక టక్. తెగిన బెల్టును నాన్న ఇనుప క్లిప్పులతో అతికాడు, ఆ అతుకు చక్రం మీదుగా దొర్లినప్పుడల్లా టక్‌మంటుంది. కొత్త బెల్టు వేయించమని అమ్మ నాలుగు నెలలుగా పోరుతోంది, ఈ ఆర్డరు కానీ అంటాడు నాన్న, ఆ ఆర్డరు అయ్యేలోపు ఇంకో ఆర్డరు వస్తుంది, బెల్టు టక్‌మంటూనే ఉంటుంది. ఆ టక్ గురించి లిఫ్టులు బాగుచేసే అన్న ఒకాయన నిన్న రెండు పేజీల వ్యాసం రాశాడు. చదివి ఎనభై మంది చప్పట్లు కొట్టారు. ఖర్మ.

జేబులో ఫోను మళ్ళీ వణికింది. జేబులో తేనెతుట్టె పెట్టుకుని తిరుగుతున్నట్టుంది నిన్నటినుంచి. తియ్యకూడదు అనుకుంటూనే తీసింది. తుప్పు సంఘంలో కొత్తగా నలభై మూడు మాటలు. సంఘం పేరు అదే, తుప్పు సంఘం, ఒక పాటల బ్యాండంటే ప్రాణమిచ్చేవాళ్ళ సంఘం, ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు, అసలు పేర్లు కూడా చాలామందికి తెలియవు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే ఆయన ప్రెసిడెంటు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అక్క పేరు డ్రిల్లు. లిఫ్టులాయన లిఫ్టన్న. ఈమె క్యాసెట్టు చెల్లి. మూడు వారాల కిందటిదాకా ఏ పేరూ లేదు, మూల కూర్చుని వినే పిల్ల, రెండేళ్ళలో పట్టుమని పది మాటలు రాసుండదు. మూడు వారాల కింద ఒక క్యాసెట్టు రావడంతో ఒక్కసారిగా చెల్లెలైపోయింది. ఎవరికైనా చెల్లెలవడం ఇంత ఇబ్బందని అప్పుడు తెలియలేదు.

పదకొండేళ్ళు. ఆ బ్యాండు నోరు మూసుకుని పదకొండేళ్ళు, ఆమెకప్పుడు నాలుగేళ్ళు, కాబట్టి ఆ పదకొండేళ్ళూ ఎదురుచూశానని చెప్పడానికి లేదు, కానీ సంఘంలో చేరాక అందరి ఎదురుచూపూ తన నెత్తికే ఎక్కింది, పెళ్ళివారి సామాను ఎవరో ఒకరి చేతికిచ్చినట్టు. ఆ బ్యాండు ఇనుముతో పాటలు కట్టేది. గొలుసులు, రంపాలు, మూతబడిన కార్ఖానాల్లోకి దొంగతనంగా దూరి పట్టుకొచ్చిన మోటార్ల రొద, వాటిమీద గిటార్లు, అన్నిటిమీదా ఒక మనిషి అరుపు. ఇప్పుడు తిరిగొచ్చారు, కొత్త ఆల్బం తెచ్చారు, అది అందరికీ ఇంకో పది రోజులకు గానీ రాదు, ముందుగా మాత్రం పాత అభిమానుల్లో చీటీలు తీసి కొద్దిమందికి క్యాసెట్లు పంపారు. బాబాయి ఎప్పుడో పెళ్ళికి ముందు వాళ్ళకో ఉత్తరం రాశాడట, ఆ చీటీ తగిలింది, క్యాసెట్టు ఇక్కడికొచ్చింది, బాబాయి ఓడరేవులో క్రేను నడుపుతూ ఎక్కడో ఉన్నాడు, ఫోన్లో నవ్వి నువ్వే వినవే, నా చెవులు ఇప్పుడు గాలికి అలవాటు పడ్డాయి అన్నాడు. సంఘం మొత్తానికి ఒకే ఒక్క క్యాసెట్టు. అది ఒక మూగపిల్ల చేతిలో.

సంఘానికి ఒక పద్ధతుంది. కొత్త పాట ఏదొచ్చినా మొదటిసారి అందరూ కలిసి వినాలి, ఒకే గడియలో, ఒక్కపట్టున. మధ్యలో ఆపకూడదు, మాట్లాడకూడదు, ఒక్క అక్షరం రాయకూడదు, చివరి పాట చివరి చప్పుడు పోయేదాకా. మొదటి వినికిడి అంటారు దాన్ని. అది తప్పినవాణ్ణి సంఘంలోంచి తీసేస్తారు. ఒకసారి ఒకతను మధ్యలో అబ్బా అని రాసినందుకు తీసేశారు, అతను మెచ్చుకుంటూనే రాశాడు పాపం. నిన్న ఆదివారం మూడింటికి మొదటి వినికిడి. గదిలో టేపురికార్డరు, దాని ముందు రెండు పుస్తకాల మధ్య నిలబెట్టిన ఫోను, ఫోనులోంచి ఎనభై మంది చెవులు. కిటికీ మూసింది, తలుపు కింద దుప్పటి కుక్కింది. గదికీ మిషన్ షెడ్డుకూ మధ్య ఒకే గోడ. మిషన్ వెయ్యొద్దని నాన్నను ముందే అడిగింది. అక్కడే వచ్చింది ముప్పంతా. క్యాసెట్టు రెండు వైపులా కలిపి నలభై ఆరు నిమిషాలు. గంటసేపు మిషన్ ఆపు నాన్నా అనాలి. అడిగిందేమో అరగంట. గంట అంటే ఎక్కువేమో, ఆదివారమైనా ఆర్డరుంది కదా, ఎందుకని అడుగుతాడేమో, అడిగితే ఏం చెప్పాలి, అరగంటైతే ఎవరూ ఏమీ అడగరు. అన్నం దగ్గరా అంతే, ఆకలున్నా చాలంటుంది. నాన్న మాట మీద నిలబడే మనిషి. అరగంటా మిషన్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడట, అమ్మ చెప్పింది, గడియారం వంక చూస్తూ, బడిపిల్లాడిలాగా. సరిగ్గా అరగంటకు మీట నొక్కాడు. ఇవతల మొదటి వైపు పొడుగు పాటలు నాలుగూ అయ్యాయి, క్యాసెట్టు తిప్పి పెట్టింది, ఐదో పాట మొదలై పట్టుమని పది క్షణాలు కాలేదు, గోడ అవతల ధన్.

ఆపాలి. ఆపకూడదు. రాయాలి. రాయకూడదు. పరుగెత్తి నాన్నను ఆపితే తలుపు తెరిచిన చప్పుడు, దుప్పటి లాగిన చప్పుడు, అమ్మ ఏమే అంటే ఆ మాట, అన్నీ ఎనభై చెవుల్లో పడతాయి. ముందు నుయ్యి, వెనక ధన్. అలాగే కూర్చుండిపోయింది, రెండు చేతులూ టేపురికార్డరు చుట్టూ పెట్టి, చలికి వణికే కుక్కపిల్లను కప్పినట్టు. ఐదో పాట ఐదు నిమిషాలా పదహారు సెకన్లు. పొడుగునా ధన్, ధన్, ధన్, ధన్‌టక్. మధ్యలో నాన్న దగ్గాడు. ఒకటికాదు, ఆయన దగ్గు ఎప్పుడూ మూడు మెట్లు ఎక్కుతుంది, మూడో మెట్టు మీద కాసేపు నిలబడుతుంది. ఆరో పాట మొదలయ్యేసరికి నాన్నకు అట్టలు అయిపోయాయి, మిషన్ ఆపి కొత్త కట్ట తెచ్చుకోవడానికి వెనక కొట్లోకి వెళ్ళాడు, అక్కడ అమ్మ ఏదో పురమాయించింది, మిగతా మూడు పాటలూ నిశ్శబ్దంగా గడిచాయి. ఆ కట్టలేవో ఐదు నిమిషాల ముందు అయిపోయుంటే ఏం పోయింది. ఇంకా రెండు నిమిషాలు ఆలస్యంగా అయిపోయుంటే ఆరో పాటలోనూ మోగేది, అప్పుడైనా ఎవరో ఒకరికి అనుమానమొచ్చేది. సరిగ్గా ఒక్క పాటకు, చొక్కాకు కుట్టించినట్టు, కొలిచి మరీ పట్టింది.

చివరి చప్పుడు పోయిందో లేదో తూము తెగింది. పాడే సార్ ముసలాడైపోయాడు. డ్రమ్ములమ్మి పియానో కొన్నాడా. పదకొండేళ్ళు ఎదురుచూస్తే జోలపాడతాడా మనకు. ఇనుము కాచి కాచి గంజి చేశాడు. మా డాక్టరు గారు పన్ను పీకే ముందు భయపడకండని ఇలాంటివే పెడతారు, రోజూ వింటున్నాను, దీనికోసం నేను సెలవు కూడా పెట్టానని డ్రిల్లక్క. సంజాయిషీ రాసివ్వమనండి అని ఒకరు. పాత ఆల్బం టీషర్టు విప్పి ఇల్లు తుడుస్తున్నానని ఇంకొకరు, తుడుస్తున్న ఫొటో కూడా పెట్టాడు. ఆ ఏడ్పుల మధ్య ఆమె, ఒక మాట చెప్పాలి అని రాసి పంపే లోపల ప్రెసిడెంటు రాశాడు: కానీ ఐదో పాట. అంతే, గాలివాటు మారింది. అవునవును ఐదో పాట. ఐదో పాటలో మనవాడు తిరిగొచ్చాడు. ఆ ధన్ వినగానే ఒళ్ళు గగుర్పొడిచింది. లిఫ్టన్న వ్యాసం మొదలుపెట్టాడు. నాలుగింటికొకటి చొప్పున వెనకపడే ఆ టక్ తప్పు కాదు, కావాలని చేసిన తప్పు, అలసిపోయిన కార్మికుడి చెయ్యి ఒక్క క్షణం జారడం అది, ఇలాంటి తాళం వెయ్యాలంటే ముప్పై ఏళ్ళ సాధన కావాలి. బెల్టు మార్చని నాన్నకు ముప్పై ఏళ్ళ సాధన. అమ్మకు చెబితే నవ్వుతుందో తిడుతుందో. ఆపైన ప్రెసిడెంటు దగ్గు దగ్గరికొచ్చాడు. సోదరులారా, రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర ఆ దగ్గు విన్నారా, నేను కళ్ళు తుడుచుకున్నాను, మొత్తం ఆల్బంలో నిజమైన పాట ఏదైనా ఉంటే ఆ దగ్గే.

"ఆ ఫోనుకు కాస్త బంక పూసి నీ చేతికే అంటించేస్తానుండు, మాటిమాటికీ జేబులోంచి తీసే శ్రమ తప్పుతుంది," అంది అమ్మ, కింద కూర్చుని పెట్టెల అంచులకు జిగురు రాస్తూ. ఆమె చేతిలో కుంచె ఆగదు, మాటా ఆగదు, రెండూ ఒకే తడితో నడుస్తాయి. అమ్మాయి ఫోను జేబులో పెట్టి సుత్తి తీసుకుంది. రాలిన ముక్కలు పాదాల చుట్టూ గుట్టపడ్డాయి. ఐదూ ఇరవై. చెప్పలేదని కాదు, నిన్న సాయంత్రమే చెప్పింది. పది సార్లు రాసి, పది సార్లు చెరిపి, చివరికి కళ్ళు మూసుకుని పంపింది, ఆ చప్పుడు మా ఇంట్లోది అని. అందరూ తిడతారని దుప్పట్లో దూరింది. తీసి చూస్తే ప్రెసిడెంటు జవాబు: ఎంత గొప్పగా చెప్పావు చెల్లీ, ఆ చప్పుడు మనందరి ఇళ్ళలోదీ. కింద నలభై మంది దండాలు. ఒకావిడ మా ఆయన కుట్టుమిషను కూడా అలాగే ఉంటుందమ్మా అంది, ఒకతను నా గుండెలోది అన్నాడు. వీళ్ళకు ఉన్నదున్నట్టు చెబితే చాలదు, దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తారు. కాదండీ, నిజంగానే మా ఇంట్లోది అని మళ్ళీ రాయాలంటే వేళ్ళు కదల్లేదు. నలభై దండాల మీద నీళ్ళు చల్లడం ఎలా. అసలు తనవల్లే కదా ఇదంతా. అరగంట అడిగింది తనే. మర్యాద, మొహమాటం, ఇవన్నీ గోరుచుట్టులాంటివి, వాటిమీద రోకలి పడ్డాకే అవి ఉన్నాయని తెలుస్తుంది.

ఇప్పుడు ఉత్తరం. బ్యాండుకు బహిరంగ లేఖ. పొద్దున్నే ప్రెసిడెంటు రాసి అందరికీ చూపించాడు, ఆరింటికి పంపుతాడు, పాటల పత్రికలక్కూడా. ఎనిమిది పాటల్లో ఏడు మమ్మల్ని అవమానించాయి. ఆ ఏడూ వెనక్కి తీసుకోండి. ఐదో పాట చేసిన చేతులతో మిగతావీ మళ్ళీ చెయ్యండి. అలా చేసేదాకా మీ కచేరీకి ఒక్కరం కూడా రాము. ఉత్తరం మొదటి వాక్యమేమో, ఆ చప్పుడు మా ఇంట్లోది, అని కొటేషన్లలో, పక్కన క్యాసెట్టు చెల్లి అని. పది రోజుల తర్వాత అందరికీ ఆల్బం వస్తుంది, ఐదో పాటలో ధన్ లేదు, దగ్గు లేదు. అప్పుడు నవ్వుల పాలయ్యేది ఎనభై మంది. లేదు, అంత తేలిగ్గా నవ్వుల పాలవరు వీళ్ళు, తనకు బాగా తెలుసు, క్యాసెట్లో ఉన్న మిషన్ను కంపెనీవాళ్ళు పిరికితనంతో తీసేశారంటారు, దానిమీద ఇంకో ఉత్తరం రాస్తారు, క్యాసెట్టును సాక్ష్యం తెమ్మంటారు, సాక్షి ఎవరు, చెల్లి. ఒక అబద్ధాన్ని తను చెప్పకపోయినా ఏళ్ళ తరబడి మొయ్యాలి. చెబితేనో, మొదటి వినికిడిని పాడుచేసిన పిల్ల. పదకొండేళ్ళ ఎదురుచూపు మీద అట్టల మిషన్ తోలిన పిల్ల. మధ్యలో అబ్బా అన్నవాణ్ణే ఉంచలేదు. ఇక ఆ ఎనభై మందీ ఉండరు. బళ్ళో ఈ పాటల పేరెత్తితే చెవులు మూసుకుంటారు, డైరీకి తప్ప ఎవరికీ చెప్పుకోవడానికి లేదు, రెండేళ్ళుగా సాయంత్రం ఆ చిన్న తెర తెరిస్తే చాలు, తనలాంటి పిచ్చివాళ్ళు ఉన్నారు లోకంలో అనిపించేది. ఆ తలుపు మూసుకుపోతుంది. ఐదున్నర.

ధన్. ధన్. ఈ పాటల పిచ్చి అంటించింది బాబాయే. ఆయన పెళ్ళికాకముందు ఈ మిషన్ దగ్గరే పనిచేసేవాడు, చెవుల్లో ఈ బ్యాండు పెట్టుకుని. ఆమెకప్పుడు ఆరేడేళ్ళు, మిషన్ మొదలుపెడితే ఏడ్చేది, ఆ చప్పుడు కడుపులోకి దిగేది. ఒకరోజు బాబాయి ఒక చెవిలోది తీసి ఆమె చెవిలో పెట్టాడు. "చెవి లోపల ఒక మిషన్ ఉంటే, బయట మిషన్ ఏం పీకలేదే," అన్నాడు. నిజంగానే. లోపల ఇనుము, బయట ఇనుము, రెండూ కలిసి ఎక్కడో ఒక్కటయ్యాయి, ఏడుపు ఆగిపోయింది, కాళ్ళు ఊగడం మొదలైంది. ఆ తర్వాత మిషన్ చప్పుడంటే భయం లేదు. ఈ ఇంటి చప్పుడు పాట కాగలదని చెప్పింది వాళ్ళే కదా, ఆ బ్యాండు వాళ్ళే. ఇప్పుడు మధ్యలో చేతులు దులుపుకుని పియానో ముందు కూర్చుంటే ఎలా. ఒక్క పాటలో, ఒక్కటంటే ఒక్క పాటలో ఒక మోటారు పెట్టి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది, ఇన్ని తిప్పలు తనకు లేకపోను. సంఘం మీద ఎంత విసుగో పాడినాయన మీదా అంతే విసుగు. క్యాసెట్టు పెట్టె లోపలి కాగితం మీద వాయిద్యాల జాబితా ఉంది: ఒక పియానో, రెండు గొంతులు, ఒక కిటికీ. కిటికీ ఏమిటి, మనుషుల్ని ఏడిపించడానికి కాకపోతే.

ఈ పొద్దున బడికి వెళ్ళేముందు, నాన్న ఇంకా మొహం కడుక్కుంటుండగా, ఐదో పాట ఒక్కతే విన్నది. తిట్టుకుంటూనే పెట్టింది. పియానో అక్కడొకటి అక్కడొకటి పడుతుంది, చూరునుంచి వాన వెలిశాక పడే చుక్కల్లాగా. ఆయన అరవడు. ప్రతి వరుసకు ముందు ఊపిరి తీసుకుంటాడు, ఆ తీసుకోవడం వినిపిస్తుంది, అరిచి అరిచి పాడైన గొంతు అని తెలిసిపోతుంది, కొన్ని ఊపిరులు తీసుకుని పాడకుండానే వదిలేస్తాడు. నచ్చిందో లేదో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. కానీ నిన్న ధన్‌ల కింద ఈ ఊపిరులన్నీ నలిగిపోయాయని మాత్రం తెలిసింది. ఎనభై మందీ ఐదో పాట ఐదో పాట అంటున్నారే, అందులో ఒక్కరు కూడా ఐదో పాట వినలేదు. పాట ఆపేసి సంచీ తగిలించుకుంటూంటే పెరట్లో నాన్న దగ్గాడు.

అదీ అసలు ఒళ్ళుమండేది. ఆ దగ్గు ఎప్పటినుంచి ఉందో ఆమెకు తెలియదు. గడియారం ఉన్నట్టు ఉంది, గోడమీద పెచ్చు ఉన్నట్టు ఉంది. అట్టల దుమ్ము అంతే అనేవాడు నాన్న, అమ్మ ఒకసారి డాక్టరంటే ఈ ఆర్డరు కానీ అన్నాడు, బెల్టుకూ ఊపిరితిత్తులకూ ఒకటే జవాబు. ఆమె ఎప్పుడూ వినలేదు. చెవి లోపల మిషన్ పెట్టుకున్నదానికి బయట దగ్గేం వినిపిస్తుంది. ఎక్కడో కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చున్నాయన, నాన్నను ఎరగనాయన, సోదరులారా ఆ దగ్గు విన్నారా అంటే తప్ప తనకు వినపడలేదు. అప్పటినుంచి ఆగడంలేదు. ప్రతి దగ్గూ వచ్చి చెవిలో పడుతోంది, మొదటి మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు మీద ఆ నిలబడటం, అక్కడ నాన్న మిషన్ కడ్డీ పట్టుకుంటాడు. ఎప్పుడూ పట్టుకుంటాడా, ఈ మధ్యనా. ఇప్పుడే చూసింది, ఈ క్షణమే, కడ్డీ పట్టుకుని, తల వంచి, నోటికి మోచెయ్యి అడ్డంపెట్టి, మిషన్ మాత్రం ఉత్తగాలిని కొరుకుతోంది, ధన్, ధన్, అట్ట లేకుండా. తర్వాత ఏమీ జరగనట్టు ఇంకో అట్ట అందుకున్నాడు. ఫోను వణికింది. లిఫ్టన్న రాశాడు, దగ్గు తర్వాత రెండు ధన్‌లు బోలుగా మోగుతాయి గమనించారా, అక్కడ అట్టడుగు శూన్యం ఉంది. శూన్యమట. నాన్న అట్ట పెట్టలేదు, అంతే. ఊపిరాడక పెట్టలేదు. దానికి వీళ్ళు పరవశించిపోతున్నారు, అందరూ మంచివాళ్ళే, చెల్లీ చెల్లీ అని నోరారా పిలిచేవాళ్ళే, ఒక మనిషికి ఊపిరాడకపోతే వీళ్ళకు ఒళ్ళు గగుర్పొడుస్తోంది.

ఐదూ నలభై ఎనిమిది. ఇంకెవరైనా పేరు చేర్చాలా, మరి పంపేస్తున్నాను అన్నాడు ప్రెసిడెంటు. ఆమె సుత్తి కింద పెట్టింది. రాస్తే దండాలు పెడతారు, ఎన్ని అక్షరాలు రాసినా దండాలే పెడతారు. ఫోనులో గొంతు రికార్డు చేసే బొత్తాం మీద వేలు పెట్టింది. రెండేళ్ళలో ఆ సంఘంలో ఎవరూ ఆమె గొంతు వినలేదు. తరగతిలో పాఠం చదవమన్నా పక్కపిల్లకే వినిపించేలా చదివే గొంతు. మిషన్ పక్కన నిలబడి ఆ గొంతుతో చెబితే ఎవరికి వినపడుతుంది, గదిలోకి వెళ్ళాలి, తలుపు వెయ్యాలి అనుకుంటూనే కాళ్ళు మిషన్ వైపు నడిచాయి. మిషన్ పక్కన చెబితేనే నమ్ముతారు. నాన్న ఏమిటన్నట్టు చూశాడు. వేలు నొక్కింది.

"నేను క్యాసెట్టు చెల్లిని. ఇదిగో, ఈ చప్పుడే నిన్న మీరు విన్నది. ఇది మా అట్టల మిషన్. పాటలో లేదు. ఆ టక్ బెల్టు అతుకు. ఆ దగ్గు మా నాన్నది. మిషన్ ఆపమని సరిగ్గా అడగలేకపోయాను, తప్పు నాది. ఉత్తరం పంపకండి."

అరిచే చెప్పింది. అరిస్తే తన గొంతు ఇలా ఉంటుందన్నమాట, కాస్త బాబాయి గొంతులా. అమ్మ కుంచె మొదటిసారి ఆగింది. వేలు తీసేసరికి గొంతు వెళ్ళిపోయింది, ఇక వెనక్కి రాదు. తెర మీద ఏమీ లేదు. ఎనభై మంది వింటున్నట్టు గుర్తులు ఒక్కొక్కటే పడుతున్నాయి, మాట మాత్రం లేదు, మొదటి వినికిడిలా. తీసేస్తారు. తీసేయనీ. ముందు డ్రిల్లక్క నవ్వింది, అయ్యో దేవుడా అని పొర్లి పొర్లి నవ్వుతున్న బొమ్మలు పది. లిఫ్టన్న, నా రెండు పేజీలు అని మాత్రం రాసి ఊరుకున్నాడు. ఆపైన ప్రెసిడెంటు కూడా గొంతే పంపాడు. తేనెపూసిన గొంతు, కళ్ళజోడు కొనిపించే గొంతు. ఉత్తరం ఆపేశాను చెల్లీ, నిజం చెప్పావు, నీలాంటివాళ్ళే సంఘానికి కావాలి, నిన్నెందుకు తీసేస్తాం. అమ్మయ్య అని ఆమె అనుకుంది, ఆయన ఆగలేదు. కానీ ఒకటి ఆలోచించు, నిన్నటి వినికిడిని లిఫ్టన్న రికార్డు చేసి ఉంచాడు, ఆ ముసలాయన పాటకంటే అదే బాగుంది కదా, మన సంఘం తరఫున మనమే బయటపెడదాం, ఇదే అసలైన ఐదో పాట అని. నాన్నగారి పేరూ వేద్దాం. దగ్గు కాస్త దూరంగా ఉంది, ఇంకోసారి మైకు దగ్గర పెట్టి తీసి పంపగలవా. కింద చకచకా దండాలు. పంపు చెల్లీ. పంపు చెల్లీ. ప్లీజ్ చెల్లీ.

ఇంతసేపూ గొంతులో అడ్డం పడి ఉన్నదేదో, మర్యాదో మొహమాటమో, అది కాస్తా వేడెక్కి కరిగినట్టు అనిపించింది. మంచిగా చెప్పడానికి మాటలు వెతకలేదు. బొత్తాం నొక్కింది.

"ఇవ్వను. మా నాన్న దగ్గు నేనెవరికీ ఇవ్వను. ఉన్నది కూడా చెరిపెయ్యండి. పాట కావాలంటే పది రోజులాగి పాటే వినండి."

చివరి మాట దగ్గర తన గొంతు మరీ పెద్దగా మోగింది, ఎందుకంటే నాన్న మీట నొక్కి మిషన్ ఆపేశాడు. పెద్ద చక్రం ఇంకా తిరుగుతోంది, మెల్లగా, మెల్లగా, ఒక టక్, చాలాసేపటికి ఇంకొక టక్. కూతురి నోట అంత మాట ఎప్పుడూ వినలేదు ఆయన, కంగారుగా దగ్గరికొచ్చాడు, రెప్పల మీదా మీసాల మీదా అట్టల దుమ్ము.

"ఎవర్నే అలా కేకలేస్తున్నావు?"

"నీ దగ్గు కావాలంటున్నారు నాన్నా."

ఆయన మోచేత్తో రెప్పలు తుడుచుకున్నాడు. "ఎందుకట? వాళ్ళకు లేదా?"

నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి, రెండూ కలిసి ముక్కులోంచి ఏదో చప్పుడైంది. చేతిలో ఫోను వణుకుతూనే ఉంది, ఉంచారో తీసేశారో, చూడలేదు. "రేపు పొద్దున మిషన్ వెయ్యకు నాన్నా. మనం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. నేనూ వస్తాను, బడికి పోను," అంది. ఆయన అలవాటుగా చెయ్యి చెవి దగ్గర పెట్టి, ఏమందీ పిల్ల అన్నట్టు అమ్మ వంక చూశాడు. అమ్మ కుంచెను జిగురు డబ్బాలో గుచ్చింది.

"మిషన్ ఆగే ఉంది," అంది. "వినపడలేదని మాత్రం చెప్పకు."